మీ పని వల్ల ఏం మారింది? పౌర సంఘాలకు ఏ కొలత పద్ధతి సరిపోతుంది

ఒక పౌర సంఘం కొన్నేళ్లు పని చేసింది. సభలు పెట్టింది, శిక్షణలిచ్చింది, అర్జీలు రాయించింది, అధికారుల గుమ్మాల దగ్గర ఎదురు చూసింది. ఇప్పుడు డబ్బిచ్చిన సంస్థ అడుగుతోంది, "ఇంతకీ మీ వల్ల ఏం మారింది?" అని. సభ్యుల మనసులోనూ అదే ప్రశ్న ఉంటుంది, మొహమాటం కొద్దీ పైకి అడగరు.

జవాబు వెతకడానికి పద్ధతులకు కొదవ లేదు. ఒక్కోదానికి ఒక గైడు, ఒక ట్రైనింగు, దాన్ని నమ్ముకున్న కొందరు నిపుణులు. చాలా సంస్థలు మాత్రం డోనర్ ఫారంలో ఏ గడులుంటే వాటికి సరిపోయే పద్ధతి తీసుకుంటాయి. ఆ దారిలో వెళ్తే రిపోర్టు వస్తుంది గానీ దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. అందుకే పద్ధతి జోలికి వెళ్లకముందే ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకోమంటాను: ఈ కొలత పూర్తయ్యాక దాన్ని చూసి నిర్ణయం తీసుకోవాల్సింది ఎవరు, ఆ నిర్ణయం ఏమిటి? ఈ రెండూ రాయలేకపోతే కొలత వాయిదా వేయడమే మేలు.

సేవ అందించడం వేరు, జనాన్ని బలపరచడం వేరు

టీకాలు వేయడం, బావి తవ్వడం లాంటి పనుల్లో ఏం జరగాలో ముందే తెలుసు. ఎన్ని జరిగాయో లెక్కపెట్టొచ్చు, ఆ తర్వాత జబ్బు తగ్గిందా, నీళ్లు వస్తున్నాయా అని చూడొచ్చు. పౌర సమాజాన్ని బలపరిచే పని అలా ఉండదు. జనం సంఘంగా ఏర్పడి, ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాక ఏ ప్రశ్న అడుగుతారో మీ చేతిలో లేదు. మీరు నీళ్ల కోసం కూడగడితే వాళ్లు బడి టీచరు గురించి నిలదీయొచ్చు. అది విజయమే, కానీ మీ ప్రణాళికలో ఆ గడి ఉండదు.

ఇంకో చిక్కు, ఇక్కడ ఏ ఫలితమూ ఒక్కరి వల్ల రాదు. ఒక విధానం మారిందంటే దాని వెనక పది సంఘాలు, ఇద్దరు ముగ్గురు జర్నలిస్టులు, ఒక కోర్టు కేసు, లోపలి నుంచి సాయపడిన ఒక అధికారి ఉంటారు. "మా వల్లే మారింది" అని తేల్చడం దాదాపు అసాధ్యం. అందుకే కెనడాకు చెందిన మూల్యాంకన నిపుణుడు జాన్ మేన్ ప్రశ్ననే మార్చాడు: ఈ మార్పులో మీ వంతు ఎంత నమ్మదగినది? ముందు మీ పని మార్పుకు ఎలా దారి తీస్తుందో రాసుకోవాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆధారం వెతకాలి, వేరే కారణాలనూ నిజాయితీగా పరిశీలించాలి. కింద చెప్పే ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ ఆలోచన తోడుంటే మంచిది.

లాగ్‌ఫ్రేమ్

1960ల చివర్లో అమెరికా విదేశీ సాయం సంస్థ కోసం తయారైంది. పనులు, వాటి ఫలాలు, లక్ష్యం, వాటిని చూపించే సూచికలు, ఆధారాలు, ముందే ఊహించిన పరిస్థితులు అన్నీ ఒకే పట్టికలోకి వస్తాయి. ప్లాన్‌లో తర్కం ఉందో లేదో చూసుకోవడానికి ఇప్పటికీ మంచి పనిముట్టు. చాలామంది డోనర్లు అడుగుతారు కాబట్టి తప్పించుకోవడమూ కష్టమే. రాసి ఇవ్వండి, కానీ అనుకోని మార్పు దీనికి కనిపించదని గుర్తుంచుకోండి. ఇంకో సంగతి, ఇందులో అందరూ ఇష్టంగా నింపేది "ఎన్ని సమావేశాలు, ఎంతమంది హాజరు" అనే గడి. హాజరుపట్టీ మార్పుకు ఆధారం కాదు.

రాండమ్ ప్రయోగాలు

కొన్ని ఊళ్లను లాటరీ తీసి ఎంపిక చేసి అక్కడ కార్యక్రమం నడుపుతారు, మిగతా ఊళ్లతో పోల్చి చూస్తారు. అభివృద్ధి రంగంలో ఈ పద్ధతిని ముందుకు తెచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డ్యూఫ్లో, మైకేల్ క్రీమర్‌లకు 2019లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. తేడా నిజంగా ఈ కార్యక్రమం వల్లే వచ్చిందా అన్నదానికి ఇంత గట్టి జవాబు ఇంకే పద్ధతీ ఇవ్వదు.

దాని బలం ఎలాంటిదో హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాల మీద జరిగిన అధ్యయనంలో కనిపిస్తుంది. 104 బస్తీల్లో సగం వాటిని లాటరీతో ఎంచి, అక్కడ ముందుగా సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిపించారు. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. ఆరోగ్యం, చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ లాంటి వాటిలో సగటున చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అప్పటిదాకా చెలామణీలో ఉన్న గొప్ప కథలకు ఈ ఫలితం పెద్ద బ్రేకే వేసింది. కథలు ఒక్కటే చెప్పుకుంటూ పోతే ఈ సంగతి ఎప్పటికీ తేలేది కాదు.

పౌర సమాజపు పని మీదా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. అవి చదివి తీరాల్సినవి, ఎందుకంటే మన రంగంలో అందరూ నమ్మే మాటలకు అవి పరీక్ష పెట్టాయి. ఇండొనేషియాలో 600కు పైగా గ్రామాల్లో రోడ్ల పనుల మీద ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ చేసిన అధ్యయనం చూడండి. వేసిన రోడ్లను ఇంజినీర్లు తవ్వి, ఎంత సామాను వాడారో లెక్కగట్టారు, చూపిన ఖర్చుతో పోల్చారు. ప్రభుత్వ ఆడిట్ తప్పదని ముందే చెప్పిన గ్రామాల్లో లెక్క తేలని ఖర్చు సుమారు 8 శాతం పాయింట్లు తగ్గింది. ఎక్కువమంది గ్రామస్థులను సమావేశాలకు రప్పించిన చోట సగటున పెద్ద తేడా కనిపించలేదు. "జనం పాల్గొంటే చాలు, అవినీతి తగ్గుతుంది" అని ప్రపోజల్ రాసే ముందు దీన్ని తలచుకోవాలి.

ఉగాండా అనుభవం ఇంకా ఆసక్తికరం. 50 ఆరోగ్య కేంద్రాలతో జరిగిన అధ్యయనంలో, ప్రజలు సిబ్బంది పనితీరును గమనించి నిలదీసే ఏర్పాటున్న చోట ఐదేళ్లలోపు పిల్లల మరణాలు మూడో వంతు తగ్గినట్టు 2009లో ప్రచురించారు. ప్రపంచమంతా ఆ ఫలితాన్ని చెప్పుకుంది. తర్వాత అదే దేశంలో 376 ఆరోగ్య కేంద్రాలతో అలాంటి ప్రయోగమే మళ్లీ చేస్తే, వైద్యం నాణ్యత, రోగుల సంతృప్తి కొంత మెరుగుపడ్డాయి గానీ మరణాలు తగ్గిన జాడ లేదు. ఒక అధ్యయనం చదివేసి "ఇది రుజువైపోయింది" అనుకోకూడదని దీన్ని బట్టే తెలుస్తుంది.

మరి మీ సంస్థ ఇలాంటి ప్రయోగం చేయాలా? చాలావరకు అక్కర్లేదు. పోలికకు పదుల సంఖ్యలో ఊళ్లు కావాలి, నాలుగు ఊళ్లతో చేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. కార్యక్రమం మధ్యలో మారకూడదు, సంఘాల పనేమో నెలనెలా మారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పక్క ఊరికి పాకే ప్రభావం. కెన్యా బళ్లలో నులిపురుగుల మందు మీద క్రీమర్, మిగెల్ చేసిన అధ్యయనంలో మందు వేసుకోని పిల్లలకూ మేలు జరిగినట్టు తేలింది, ఎందుకంటే పురుగులు ఒకరి నుంచి ఒకరికి పాకడం తగ్గింది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మందు ప్రభావం అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. పౌర సంఘాల విషయంలో పక్క ఊరు చూసి నేర్చుకోవడమే మనం కోరుకునేది. దాన్ని అడ్డుకుంటే తప్ప పోలిక శుభ్రంగా రాదు. పెద్ద నిధితో ఒకే నమూనాను వందల ఊళ్లకు తీసుకెళ్లబోతున్నవాళ్లు మాత్రం ఈ ఖర్చుకు వెనకాడకూడదు. మిగతావాళ్లు ఇప్పటికే జరిగిన ప్రయోగాలు చదివి తమ ప్లాన్ సరిచేసుకుంటే చాలు.

కథల్లో మార్పును వెతకడం

అంకెలు పట్టుకోలేని చోట రెండు పద్ధతులు నిలబడ్డాయి. రెండూ కథలతోనే పని చేస్తాయి కాబట్టి జనం వాటిని కలిపేస్తుంటారు. నిజానికి వాటి స్వభావం వేరు.

మొదటిది అత్యంత ముఖ్యమైన మార్పు పద్ధతి. 1990ల మధ్యలో బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణాభివృద్ధి కార్యక్రమం కోసం రిక్ డేవిస్ రూపొందించాడు. అడిగే ప్రశ్న చాలా సాదా: "ఈ మధ్య మీ జీవితంలో వచ్చిన మార్పుల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు?" ఫీల్డ్ వర్కర్లు జవాబులు రాసుకుంటారు. తర్వాత ఒక చిన్న బృందం కూర్చుని వాటిలో ఒకటి ఎంచుతుంది. అలా ఎంచినవి పై స్థాయికి వెళ్తాయి, అక్కడ మళ్లీ ఎంపిక. ప్రతిసారీ ఎందుకు ఎంచారో రాయాలి, ఆ కారణం కింది స్థాయికి తిరిగి చెప్పాలి. ఈ పద్ధతి విలువంతా ఆ వాదనలోనే ఉంది. ఊరివాళ్లు ఎంచిన కథను ఆఫీసు ఎందుకు పక్కన పెట్టిందో బయటపడినప్పుడు సంస్థ నిజంగా దేన్ని గొప్పగా భావిస్తోందో తెలిసిపోతుంది. చాలా సంస్థలు ఈ భాగాన్ని వదిలేసి, మంచి కథలు నాలుగు ఏరి బ్రోషర్‌లో వేసుకుంటాయి. అది ప్రచారం మాత్రమే. ఒప్పుకోవాల్సిన లోపం ఒకటుంది, ఎంపిక ఎప్పుడూ విజయాల వైపే ఒరుగుతుంది. "మార్పు చెడు వైపు వచ్చిన కథ" అని ఒక విభాగం విడిగా పెడితే కొంత సర్దుకుంటుంది.

రెండోది ఔట్‌కమ్ హార్వెస్టింగ్. రికార్డో విల్సన్-గ్రావ్, ఆయన సహచరులు తీర్చిదిద్దారు. ఇక్కడ ఫలితమంటే ఒక వ్యక్తి, సంఘం లేదా ఆఫీసు ప్రవర్తనలో, సంబంధాల్లో, విధానాల్లో కంటికి కనిపించే మార్పు. ముందు మార్పును పట్టుకుంటారు, తర్వాత వెనక్కి నడిచి "దీనికి మనమేం చేశాం?" అని వెతుకుతారు. ఒక్కో ఫలితంలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం మార్చుకున్నారు, మన వంతు ఏమిటి అన్నది స్పష్టంగా రాస్తారు. "అవగాహన పెరిగింది" అంటే చెల్లదు. "వార్డు కమిటీ మొదటిసారి ఖర్చు వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టింది" అంటే చెల్లుతుంది. రాసిన వాటిలో కొన్నిటిని సంస్థతో సంబంధం లేని, విషయం తెలిసినవాళ్లకు చూపించి ఒప్పుకుంటారో లేదో అడుగుతారు. ఈ చివరి మెట్టు లేకపోతే మన డబ్బా మనమే కొట్టుకున్నట్టు అవుతుంది.

పౌర సమాజపు పనికి ఒక్కటే ఎంచుకోమంటే నేను రెండోదాన్నే ఎంచుతాను. అనుకోని మార్పునూ పట్టుకుంటుంది, పక్కవాళ్ల వంతును ఒప్పుకుంటుంది, అబద్ధం చెప్పడం కష్టం. అంత సులువూ కాదు. ఒక్కో ఫలితాన్ని సూటిగా రాయడం చాలామందికి నెలల తరబడి అలవాటు కావాలి, రాయగలిగిన ఉద్యోగులు ఒకరిద్దరైనా ఉండాలి. అది లేని చిన్న సంఘానికి మొదటి పద్ధతే నయం. నోటితో చెప్పుకుని, కూర్చుని వాదించుకోవచ్చు.

కెనడా పరిశోధనా సంస్థ ఐడీఆర్‌సీ 2001లో తెచ్చిన ఔట్‌కమ్ మ్యాపింగ్‌కు ఔట్‌కమ్ హార్వెస్టింగ్‌తో చుట్టరికం ఉంది. మీరు నేరుగా ప్రభావం చూపగలిగిన భాగస్వాముల్లో తప్పక కనిపించాల్సిన మార్పు, కనిపిస్తే బాగుండే మార్పు, కనిపిస్తే పండగ చేసుకోవాల్సిన మార్పు అని ముందే మూడు మెట్లు రాసుకుంటారు. ప్లానింగ్ దశలో ఈ ఒక్క ముక్క తీసుకున్నా లాభమే.

జనమే కొలిచేవి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సంస్థ తనను తాను కొలుచుకునేవి. ఇంకో వరసలో ప్రజలు ప్రభుత్వాన్ని, సేవలను కొలుస్తారు. ఇక్కడ కొలవడమే పౌర సమాజాన్ని బలపరిచే పని కూడా. అందుకే ఈ రెండు లక్ష్యాలూ ఉన్నవాళ్లు ముందు ఇటు చూడాలి.

సిటిజన్ రిపోర్ట్ కార్డ్ పెద్ద సర్వే లాంటిది. బెంగళూరులో 1994లో శామ్యూల్ పాల్ ఆధ్వర్యంలో మొదలైంది, 1999, 2003లలో మళ్లీ జరిగింది. నగర సేవల మీద ప్రజల సంతృప్తిని, ఎదురైన ఇబ్బందులను అడిగి, సంస్థలవారీగా మార్కులు బయటపెట్టారు. ఒకే ప్రశ్నలతో మళ్లీ మళ్లీ చేయడమే దాని బలం. ఒక్కసారి చేసి వదిలేస్తే పేపర్లో ఒక రోజు వార్త అవుతుంది, అంతే. శాంపిల్, సర్వే బృందం, విశ్లేషణ అన్నీ కావాలి కాబట్టి నగర స్థాయి సంస్థలకే తగింది.

కమ్యూనిటీ స్కోర్ కార్డ్‌ను 2002లో ఆఫ్రికా దేశం మలావిలో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ తీర్చిదిద్దింది. ఒక ఆరోగ్య కేంద్రాన్నో బడినో తీసుకుని, వాడుకునేవాళ్లు ఒకచోట, సిబ్బంది ఒకచోట విడివిడిగా కూర్చుని మార్కులు వేస్తారు. తర్వాత ఎదురెదురుగా కూర్చుని తేడాలు మాట్లాడుకుంటారు, ఎవరు ఏం సరిచేస్తారో రాసుకుంటారు. సర్వే బృందం అక్కర్లేదు, చదువు రానివాళ్లూ పాల్గొనొచ్చు. నడిపించేవాళ్లు నేర్పరులై ఉండాలి, లేదంటే ఎదురెదురు సమావేశం తిట్లలోనో మొక్కుబడి చప్పట్లలోనో ముగుస్తుంది. సమస్యలు సిబ్బంది చేతిలోనే ఉంటే ఇది బాగా పని చేస్తుంది. మందులు పై నుంచే రాకపోతే నర్సును ఎన్ని మార్కులతో నిలదీసినా లాభం లేదు.

సామాజిక తనిఖీది వేరే దారి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో నడిపిన బహిరంగ విచారణల్లో మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టికలు), బిల్లులు ఊరి ముందు చదివి వినిపించారు. వాటిలో పేర్లు ఉన్నవాళ్లు లేచి తాము ఆ పని చేశామో లేదో చెప్పారు. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు తనిఖీ బాధ్యత అప్పగించడం వెనక ఈ అనుభవం ఉంది. ఇక్కడ రికార్డులు చేతికి రావడమే సగం పని. సమాచారం ఇచ్చే చట్టం లేని చోట, ఇచ్చినా బెదిరింపులు ఎదురయ్యే చోట స్కోర్ కార్డ్‌తో మొదలుపెట్టడం మంచిది. మాట్లాడినవాళ్లకు రక్షణ ఏమిటో తేలకుండా బహిరంగ విచారణ పెట్టకూడదు. ఇండొనేషియా ఫలితాన్ని ఇక్కడ కలిపి చదివితే ఇంకో విషయం అర్థమవుతుంది. జనం కనిపెట్టిన దానిపై పై స్థాయిలో చర్య తీసుకునే ఏర్పాటు ఉండాలి, రెండూ జతగా నడవాలి.

రూపాయల్లో చెప్పమంటే

సోషల్ రిటర్న్ ఆన్ ఇన్వెస్ట్‌మెంట్ 1990లలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆర్‌ఈడీఎఫ్ అనే దాతృత్వ నిధి దగ్గర మొదలైంది. పెట్టిన ప్రతి రూపాయికి సమాజానికి ఇన్ని రూపాయల విలువ వచ్చిందని తేలుస్తుంది. మనం లేకపోయినా జరిగి ఉండేది, ఇతరుల వంతు, కాలం గడిచేకొద్దీ తగ్గే ప్రభావం తీసేయాలని దాని నియమాలే చెబుతాయి. ఉపాధి కల్పించే సంస్థలకు ఇది బాగానే కుదురుతుంది, అక్కడ జీతం, పన్ను, పొదుపు అన్నీ డబ్బే. ఆత్మగౌరవానికి, భయం లేకుండా మాట్లాడడానికి ధర కట్టాల్సి వచ్చేసరికి అంకె ఊహల మీద ఆధారపడుతుంది. ఒకే పనికి ఇద్దరు నిపుణులు రెండు వేరే నిష్పత్తులు తేలుస్తారు. రెండు సంస్థలను ఈ నిష్పత్తితో పోల్చడం అసలు పనికిరాదు. పౌర హక్కుల సంఘాలు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సంస్థ బలం పెరిగిందా అని చూడాలంటే

సంఘాలకు శిక్షణ ఇచ్చేవాళ్లు సామర్థ్య స్వీయ అంచనా వాడతారు. నాయకత్వం, లెక్కలు, పాలన, నిధుల సేకరణ లాంటి అంశాలకు సంస్థే తనకు మార్కులు వేసుకుంటుంది, ఏడాది తర్వాత మళ్లీ వేసుకుంటుంది. తమాషా ఏమిటంటే మంచి శిక్షణ తర్వాత మార్కులు తగ్గొచ్చు. ఏం తెలియదో అప్పుడే తెలుస్తుంది కాబట్టి రెండోసారి కటువుగా వేసుకుంటారు. అంకెను డోనర్‌కు పంపితే "శిక్షణ విఫలం" అంటారు. అందుకని రెండోసారి కూర్చున్నప్పుడు "ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి చూస్తే ఏడాది కిందట మీరెక్కడున్నారు?" అని అడిగి ఆ రెండిటినీ పోల్చాలి. దీంతో పాటు కళ్లకు కనిపించే గుర్తులు కొన్ని పెట్టుకోవాలి: పదవీకాలం అయ్యాక నాయకుడు మారాడా, సంస్థ ఖర్చులో సభ్యుల చందా వంతు ఎంత, మీరు లేకుండా మొన్నటి సమావేశం జరిగిందా. నాకైతే ఈ మూడు గుర్తులు యాభై ప్రశ్నల ఫారం కంటే ఎక్కువ చెబుతాయి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

జీతగాళ్లు లేని చిన్న సంఘమైతే ముఖ్యమైన మార్పు ప్రశ్న ఒక్కటి, లెక్కపెట్టగల గుర్తులు రెండు మూడు. అంతకు మించి పెట్టుకుంటే మొదటి ఏడాదే మానేస్తారు. సేవల నాణ్యత మీద పోరాడే సంస్థ స్కోర్ కార్డ్‌తో మొదలుపెట్టి, రికార్డులు దొరికే చోట సామాజిక తనిఖీకి వెళ్లాలి. చట్టాలు, విధానాల మీద పనిచేసే కూటములకు ఔట్‌కమ్ హార్వెస్టింగ్, దాని పక్కన జాన్ మేన్ చెప్పిన వంతు విశ్లేషణ. ఒకే నమూనాను విస్తరించే పెద్ద సంస్థకు రాండమ్ ప్రయోగం, దానితో పాటు ఎందుకు పనిచేసిందో చెప్పే కథలు.

మీరు డబ్బిచ్చేవాళ్లైతే నా సలహా కాస్త వేరు. పది సంఘాలకు పది పట్టికలు పంపకండి. ప్రతి సంఘానికి తన పద్ధతి ఎంచుకోనివ్వండి, అందరినీ కలిపి అడగాల్సిన అంకెలు మూడుకు మించకుండా చూడండి. ఏ అంకె మీదైతే నిధులు ఆధారపడతాయో ఆ అంకె కొన్నాళ్లకు వంకర పోతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే చెప్పాడు. హాజరుకు డబ్బిస్తే హాజరు పెరుగుతుంది, ఇంకేమీ పెరగకపోవచ్చు. చెడు ఫలితం రాసిన సంఘానికి నిధి ఆపనని ఒప్పందంలోనే రాయండి, అప్పుడే నిజాలు బయటికొస్తాయి.

పద్ధతి ఏదైనా రెండు పనులు ముందే చేసుకోవాలి. ఒకటి బేస్‌లైన్, అంటే పని మొదలుకాకముందు పరిస్థితి ఎలా ఉందో రాసి పెట్టుకోవడం. పని మొదలైన రెండేళ్లకు "అప్పుడు ఎలా ఉండేది?" అని అడిగితే జ్ఞాపకాలు ఇప్పటి పరిస్థితిని బట్టి మారిపోయి ఉంటాయి. రెండోది సమాచార భద్రత. పౌర హక్కుల మీద ఒత్తిడి ఉన్న చోట ఎవరు ఏం చెప్పారో రాసిన ఫైలు ఆ మనిషికే ముప్పు కావచ్చు. పేర్లు, ఊళ్లు, ఫోటోలు విడిగా దాచాలి, అవసరం లేనివి అసలు సేకరించకూడదు. రిపోర్టు డోనర్‌కు వెళ్లేముందు కథ చెప్పినవాళ్లకు చదివి వినిపించాలి. ఎవరైనా తమ మాట తీసేయమంటే కారణం అడక్కుండా తీసేయాలి.